గాలి కోసం ఊడదీసిన తడిక

కొత్తగా టీచరుద్యోగంలో చేరిన అమ్మాయిలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "ఇన్‌స్పెక్షనంటే భయం పోవాలంటే ఏం చెయ్యాలి మేడమ్?" నన్నడిగితే ఏం లాభం? రిటైరయ్యేదాకా నాకే పోలేదు. పైగా నా ఉద్యోగం అటో ఇటో తేలాల్సిన ఇన్‌స్పెక్షన్లో, స్వాగతం అక్షరాలతో సహా ఒక గోడను పడగొట్టినదాన్ని నేను. తాటాకు గోడేలెండి. అయినా హెడ్‌మాస్టారు కట్టించిన గోడ. ఆ సంగతి చెప్తాను వినండి. అందులోంచి ఏం నేర్చుకుంటారో మీ ఇష్టం.

డెబ్బైల నాటి మాట. చల్లపల్లి దగ్గర ఒక ఊళ్ళో, ఊరి పెద్దల కమిటీ నడిపే ఎయిడెడ్ హైస్కూల్లో నేను ఇంగ్లీషు టీచర్ని. చెప్పుకోవడానికి టీచర్నే గానీ నా పోస్టుకు ప్రభుత్వం అప్రూవల్ ఇంకా రాలేదు. అప్రూవల్ లేని టీచరు పెళ్ళికి పిలవని చుట్టంతో సమానం. విస్తరి వేస్తారు, ఎప్పుడు లేవమంటారో తెలియదు. "ఈ ఏడు తప్పకుండా వస్తుందమ్మా" అని హెడ్‌మాస్టారు ఏటా అనేవారు. ఆ ఏడు మాత్రం కమిటీవాళ్ళు తెగేసి చెప్పారు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, నా పాఠం చూసి, బాగుందని రాస్తే ఉంటాను. లేకపోతే వేసవి సెలవులతో నా పని సరి.

సరి అంటే ఇక బెజవాడే. ఆటోనగర్లో మా అన్నయ్యకు లారీ స్పేర్‌పార్టుల షాపుండేది. "వచ్చెయ్యవే, కౌంటర్లో కూచుని బిల్లులు రాద్దువుగాని" అన్నాడు. మంచివాడే. మా వదినా మంచిదే. కానీ నాన్న పోయినప్పుడు అమ్మను నేను చూసుకుంటానని చుట్టాలందరి ముందూ చర్చి మెట్ల మీద నిలబడి గొప్పగా చెప్పాను. ఇప్పుడు ట్రంకుపెట్టెతో, అమ్మతో వాళ్ళ వరండాలో దిగడమంటే నాకు ప్రాణం పోయినట్టుండేది. అమ్మ ఏమీ అనేది కాదు. పొద్దున ప్రార్థనలో మాత్రం నా ఉద్యోగం సంగతి దేవుడికి గట్టిగా వినపడేలా చెప్పేది.

అసలే నాకు ఒకచోట కూర్చోవడం రాదు. "కాలుగాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు?" అని చిన్నప్పట్నుంచీ తిట్లు తిన్నాను. స్టాఫ్‌రూములో కూర్చుంటే నా కాలు ఊగేది. నా కాలుతో బల్ల ఊగేది. బల్లతోపాటు దాని మీద తెలుగు పండితులవారి తమలపాకుల పెట్టె ఊగేది. ఆయన ఒక చేత్తో పెట్టెను పట్టుకుని, "అమ్మాయ్, ఆ భూకంపం కాస్త ఆపుతావా? వక్క బదులు వేలు తెగేట్టుంది" అనేవారు. అప్పుడు గుర్తొచ్చి ఆపేదాన్ని. రెండు నిమిషాలకు మళ్ళీ మొదలయ్యేది.

ఆయనకు రిటైర్మెంటు దగ్గరపడింది. నడక నెమ్మది, మాట నెమ్మది. పీరియడ్ గంట కొట్టాక ఆయన అడకత్తెర మడిచి నడుముకు దోపుకుని, కండువా సర్దుకుని లేచేలోపు నేను నా క్లాసులో సగం పాఠం చెప్పేసేదాన్ని. కానీ పదో తరగతికి ఆయన పద్యం ఎత్తుకున్నారంటే పక్క గదుల్లో మా పాఠాలు సాగేవి కావు. పిల్లలు మా వైపు చూస్తూ చెవులు అటు వేసేవారు. "రోజుకు ఆ ఒక్క గంటే నేను బతికేది, మిగతాదంతా అరుగుదలకు" అనేవారాయన. నాకేమో ఒళ్ళు మండేది. ఇన్‌స్పెక్షన్ దగ్గర పడుతుంటే నా పిల్లల చెవులు కూడా ఆయనకే కావాలా?

ఆయనకూ నాకూ గొడవ ఇంకో విషయంలో. ఇంగ్లీషు పీరియడులో తెలుగు ముక్క వినపడకూడదని నాకు ట్రెయినింగులో నేర్పారు. క్రియాపదం చెప్పాలంటే అర్థం చెప్పకూడదు, ఆ పని పిల్లల కళ్ళముందు చేసి చూపించాలి. తలుపు తెరుస్తూ, నేను తలుపు తెరుస్తున్నానని ఇంగ్లీషులో అనాలి. దూకడం చెప్పాలంటే దూకాలి. చీర కట్టుకుని ఎన్నిసార్లు దూకానో నాకే తెలుసు. ఆయన వరండాలోంచి చూసి, "తెలిసిన మాటకు నోట్లో తాళం వేసి తెలియని మాట నేర్పడమేమిటమ్మా? పిల్లల మీద నీకేమైనా పగా?" అనేవారు. "మీకు తెలీదులెండి మాస్టారూ" అనేదాన్ని. ఎంత పొగరో నాకు.

ఇన్‌స్పెక్షన్ కోసం ఎనిమిదో తరగతి పాఠం ఒకటి ఎంచుకున్నాను. అందులో ఒక రైతు వరి కోస్తాడు, నూరుస్తాడు, ఆ తర్వాత 'విన్నో' చేస్తాడు. తూర్పారబడతాడన్నమాట. మా పిల్లలు దాన్ని కిటికీ అనే మాటతో కలిపేసి 'విండో' అని చదివేవారు. పుస్తకం మూసి రాయమంటే కొందరు ఒక 'ఎన్' మింగేసేవారు, కొందరు మధ్యలో 'డి' దూర్చేవారు. విసుగెత్తి స్కూల్ లైబ్రరీలో చెదలు సగం తిన్న పెద్ద నిఘంటువు తీశాను. ఆ మాట పుట్టుక చూసి ఆగలేక పరుగున స్టాఫ్‌రూములోకి వచ్చాను. ఇంకెవరూ లేరు, పండితులవారికే చెప్పాల్సివచ్చింది.

"మాస్టారూ, పిల్లలది పూర్తిగా తప్పు కాదండీ! వెనకటికి ఈ మాటలో 'డి' ఉండేదట. విండ్ అంటే గాలి కదా, అందులోంచే పుట్టిందిది. రాను రాను 'డి' రాలిపోయి రెండు 'ఎన్'లు మిగిలాయి. విండో కూడా ఆ కుటుంబమే. గాలికి కన్ను అని దానికి అసలర్థమట."

ఆయన వక్క కత్తిరించడం ఆపారు. "గాలికి కన్నా? ఓహో! ఏదీ, ఇంకోసారి చెప్పు."

చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత, "మన తూర్పారబట్టడం తూర్పు గాలిలోంచి వచ్చిందంటారు కొందరు. నాకంత నమ్మకం లేదు. అరవంలో దీని చుట్టం ఒకటుంది, వెదజల్లడమని దానర్థం. అదే నిజమైతే వాళ్ళ మాట గాలిలో పుట్టింది, మన మాట చేతిలో పుట్టింది" అన్నారు.

"ఎక్కడ పుడితేనేం మాస్టారూ? గాలి లేకపోతే వాళ్ళూ చెయ్యలేరు, మనమూ చెయ్యలేం."

"చెయ్యి లేకపోయినా చెయ్యలేరమ్మా" అని వక్క నోట్లో వేసుకున్నారు. ఆ రోజు నా కాలు ఊగుతున్నా ఆయనేమీ అనలేదు.

ఆ మాట పుట్టుక తెలిశాక నాకిక గదిలో పాఠం చెప్పబుద్ధి కాలేదు. బయట చెప్పాలి, నిజం ధాన్యంతో, నిజం గాలిలో. అప్పుడు నూర్పిళ్ళ రోజులు కాబట్టి కళ్ళంలోంచి తాలుతో సహా ఒక బస్తా తెప్పించాను. మధ్యాహ్నం దాటితే మా స్కూలు ఆవరణలోకి తూర్పునుంచి సముద్రపు గాలి తిరుగుతుంది. ఎత్తు పీట ఎక్కి చేట తలపైకెత్తి పోస్తే గింజ కింద పడేది, తాలు దూరంగా వెళ్ళి వాలేది. పిల్లలు ఇంగ్లీషులో ముక్తకంఠంతో, "గాలి వీస్తోంది! తాలు ఎగిరిపోతోంది!" అనేవారు. రోజూ రిహార్సలే. హెడ్‌మాస్టారే ఇన్‌స్పెక్టరుగా కుర్చీలో కూర్చుని, చేతి గడియారం చూసుకుంటూ, గొంతు మార్చి "వెరీ గుడ్" అనేవారు. అలా అన్నప్పుడల్లా అప్రూవల్ వచ్చేసినట్టే ఉండేది నాకు.

మా హెడ్‌మాస్టారు చెడ్డవాడు కాదు. పై అధికారి వస్తున్నాడంటే మాత్రం ఆయనకు జ్వరం వచ్చేది. ఒకరోజు రిహార్సల్లో తాలు ఒక పోగు వెళ్ళి ఆయన ఒళ్ళో పడింది. ఆయన ముఖం పాలిపోయింది. "అమ్మా, ఇదే ఇన్‌స్పెక్టరుగారి మీద పడితే?" అన్నారు.

"కుర్చీ ఇటువైపు వేద్దాం సార్, గాలి వచ్చే వైపు" అన్నాను.

"ఇటు ఎండ పడుతుంది కదమ్మా! ఆయన్ని ఎండలో కూచోబెడతామా?" అన్నారు. నేనేదో సర్దిచెప్పాననుకుని మర్చిపోయాను.

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున వెళ్ళి చూద్దును కదా, ఆవరణలో కొత్త తాటాకు పందిరి! మామిడాకుల తోరణాలు. తూర్పు వైపు ఈ చివరనుంచి ఆ చివరదాకా, నేలనుంచి పందిరిదాకా, సందులేకుండా తడికలు. వాటి మీద రంగు కాగితాలతో స్వాగతం అక్షరాలు. ఇన్‌స్పెక్టరుగారి మీద దుమ్ము పడకుండా హెడ్‌మాస్టారు చేయించిన ఏర్పాటది.

"సార్, ఇట్లా మూసేస్తే గాలెట్లా వస్తుందండీ?" నా గొంతు నాకే కీచుమంది.

"వస్తుందమ్మా, గాలికేం? పైనుంచి వస్తుంది."

"పైనుంచి వానొస్తుంది సార్, గాలి రాదు!"

"అమ్మా, అధికారి వచ్చే వేళ మీరు నన్ను కంగారుపెట్టొద్దు. పిల్లలకు వాక్యాలన్నీ కంఠతా వచ్చుకదా, అది చాలు. ఆయన పది నిమిషాలు కూడా ఉండరు" అని తోరణం సర్దడానికి వెళ్ళిపోయారు. నేను ఆ పొద్దంతా పందిరి చుట్టూ ప్రదక్షిణాలు చేశాను. బయట నిలబడితే చీర చెంగు రెపరెపలాడుతోంది. లోపల అడుగుపెడితే తాటాకు కూడా కదలడంలేదు.

మధ్యాహ్నం జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు కోటు వేసుకున్న పొడుగాటి మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి, "మొదలుపెట్టండి, నేనింకా రెండు స్కూళ్ళు చూడాలి" అన్నారు. ఆయనా నాలాంటివాడే అనుకున్నాను.

పీట ఎక్కాను. చేట తలపైకెత్తాను. ఇంగ్లీషులో చెప్పాల్సింది చెప్పి పోశాను. గింజా తాలూ తుక్కూ అన్నీ కలిసి తిన్నగా నా కాళ్ళ దగ్గర కుప్పపడ్డాయి. ఒక్క తాలుగింజ పక్కకు పోలేదు. మా పిల్లలు మాత్రం, పాపం, నేర్పింది నేర్పినట్టు, పందిరి అదిరేలా ఇంగ్లీషులో అరిచారు: "గాలి వీస్తోంది! తాలు ఎగిరిపోతోంది!"

ఇన్‌స్పెక్టరుగారు కుప్ప వైపు చూశారు. పిల్లల వైపు చూశారు. "ఎక్కడ ఎగురుతోందమ్మా?" అన్నారు, తెలుగులో.

హెడ్‌మాస్టారు ఆయన వెనకనుంచి నాకు చేతులతో సైగ చేస్తున్నారు, కానివ్వు కానివ్వు అని. కానిస్తే అయిపోయేదే. పిల్లల ఉచ్చారణ బాగుంది, వాక్యంలో తప్పులేదు. ఆయన గడియారం చూసుకుని సంతకం పెట్టి వెళ్ళిపోయేవారు. అన్నయ్య కౌంటరు, వదిన వరండా, అమ్మ ట్రంకుపెట్టె అన్నీ నా కళ్ళముందు తిరిగాయి. కానీ ఎదుట పిల్లలున్నారు. రైతుకూలీల పిల్లలు, రైతుల పిల్లలు, తాలు ఎగరడమంటే ఏమిటో పుట్టిననాటినుంచీ ఎరిగినవాళ్ళు. వాళ్ళు ఆ కుప్పను చూస్తూ ఎగిరిపోతోందని అరుస్తున్నారు, టీచరు చెప్పింది కాబట్టి. సిగ్గేసింది నాకు. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

పీట దిగి, చేట కింద పెట్టి, తిన్నగా తడిక దగ్గరికి వెళ్ళాను. కొబ్బరితాడుతో బిగించి కట్టారు, నీళ్ళలో నానబెట్టి మరీ. గోళ్ళతో ముడి పీకుతున్నాను. రావడంలేదు. "టీచర్‌గారూ! టీచర్‌గారూ, ఏం చేస్తున్నారు?" అని హెడ్‌మాస్టారు గుసగుసగా కేకలేస్తున్నారు. గోరు విరిగింది. ఏడుపొచ్చేసింది నాకు. అయినా వదలలేదు.

పదో తరగతి గదిలోంచి వస్తున్న పద్యం ఆగిపోయింది. అంతవరకూ అది వినపడుతున్నట్టే నాకు తెలియలేదు. పండితులవారు వరండా దిగి, ఎప్పుడూ నడిచే నడకలోనే మా వైపు వచ్చారు. నడుముకు దోపుకున్న అడకత్తెర తీసి, తాడును దాని మధ్య పెట్టి, వక్క కత్తిరించినంత శ్రద్ధగా కత్తిరించారు. ఒక ముడి, రెండో ముడి. "అటు పట్టుకో అమ్మాయ్, మీద పడగలదు" అన్నారు. నేనొక చివర, ఆయనొక చివర పట్టుకుని లాగాం. స్వాగతం అక్షరాలు నేల కరిచాయి.

గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. తోరణాలన్నీ లేచి పందిరికి అంటుకుపోయాయి. నేను పరుగున వెళ్ళి పీట ఎక్కి చేట ఎత్తాను. గింజ కింద పడింది. తాలంతా లేచి, హెడ్‌మాస్టారు భయపడినట్టే, నేరుగా వెళ్ళి ఇన్‌స్పెక్టరుగారి కోటు మీద, జుట్టులో, మీసంలో వాలింది. మా పిల్లలు ఇంగ్లీషు వాక్యం మర్చేపోయారు. "ఎగిరిందండీ! అబ్బో, ఎంత దూరం ఎగిరిందో!" అని తెలుగులో గెంతులేశారు.

ఇన్‌స్పెక్టరుగారు తుమ్మారు. ఆగకుండా తుమ్ముతూనే రుమాలు తీసుకుని జీపు వైపు నడిచారు. హెడ్‌మాస్టారు వెనకాల పరుగెత్తారు. పండితులవారు కూడా నెమ్మదిగా అటే వెళ్ళారు. నేను పీట మీదే నిలబడిపోయాను. పిల్లలు మాత్రం, "టీచర్, ఇంకో చేట పొయ్యండి టీచర్!" అన్నారు. పోశాను. ఇంకేముంది పోయేది?

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో అడక్కండి. హెడ్‌మాస్టారు నాతో మాట్లాడటం మానేశారు. పోస్టుమేన్ సైకిల్ గంట వినపడితే నేను చాక్‌పీసు చేతిలో పట్టుకునే వరండాలోకి వచ్చేదాన్ని. ఇంట్లో ట్రంకుపెట్టెలో సామాను సర్దేదాన్ని, మళ్ళీ తీసేదాన్ని. "సర్దితే సర్దు, తీస్తే తియ్, నా ప్రాణం తియ్యకు" అంది అమ్మ.

ఈ గొడవలోనే ఒకటి జరిగింది. పండితులవారిని పదో తరగతినుంచి తీసేసి ఆరో తరగతికి వేశారు. పదో తరగతికి ఒక కుర్రాయన్ని పెట్టారు. పక్క గదిలోంచి పద్యం రావడం మానేసింది. నాకు హాయిగా ఉండాలి కదా? లేదు. నా పిల్లలు ఇప్పుడు పూర్తిగా నా వైపే చెవులు పెట్టి వింటుంటే నాకు మాట తడబడేది.

ఉండబట్టలేక హెడ్‌మాస్టారి గదిలోకి వెళ్ళి అడిగేశాను, ఎందుకిట్లా చేశారని.

"నన్నడుగుతారేమ్మా? జీపు దగ్గర ఆయనే చెప్పుకున్నారుగా, తడిక తియ్యమని మీకు నూరిపోసింది తనేనని! ఆ అమ్మాయి చిన్నది, నా మాట విని చేసింది, పాఠం మాత్రం చూశారుగా ఎట్లా చెప్పిందో అని. ఇన్‌స్పెక్టరుగారి ఎదుట! క్లాసు వదిలేసి వచ్చి నా పందిరి కూల్చినందుకు నేనేదో ఒకటి చెయ్యకపోతే, కమిటీ నన్ను వదులుతుందా?"

స్టాఫ్‌రూముకు ఎట్లా వచ్చానో తెలియదు. ఆయన పెట్టె ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"ఎందుకండీ అబద్ధం చెప్పారు? మీరెప్పుడు చెప్పారు నాకు తడిక తియ్యమని? నా తిప్పలు నేను పడేదాన్ని కదా! ఎవరడిగారు మిమ్మల్ని?" గట్టిగా అరిచాను. ఏడుస్తూ అరిచాను.

ఆయన తొణకలేదు. "తాళ్ళు కోసింది నేను కాదూ? సగం నిజమే. నువ్వక్కడ గోళ్ళతో ముడి పీకుతున్నావు, రక్తం కారుతోంది. అది చూస్తూ పద్యం ఎట్లా చెప్పమంటావమ్మా?"

"మీ పదో తరగతి పోయింది కదండీ!"

ఆయన చేతిలోని వక్కను తిరిగి పెట్టెలో పెట్టేశారు. "పోయింది" అన్నారు. "కష్టంగానే ఉంది."

వేసవి సెలవుల ముందు నా అప్రూవల్ వచ్చింది. హెడ్‌మాస్టారే స్వయంగా క్లాసుకు వచ్చి చెప్పారు, ఆయనా సంతోషించారు, అబద్ధమెందుకు. అమ్మ ట్రంకుపెట్టె మంచం కిందికి తోసేసి, మీద చాప పరిచేసింది. పండితులవారి పదో తరగతి కోసం నేను హెడ్‌మాస్టారిని అడిగాను, కమిటీవాళ్ళను అడిగాను, పోట్లాడాను కూడా. చూద్దాం చూద్దాం అంటూనే ఆయన్ని రిటైర్ చేసేశారు. ఆ గంట ఆయనకు మళ్ళీ దొరకలేదు.

ఆయన రిటైరయ్యే ఏడు, మళ్ళీ నూర్పిళ్ళ రోజుల్లో, అదే పాఠం వచ్చింది. ఇన్‌స్పెక్టరు లేడు, పందిరి లేదు. ఎనిమిదో తరగతిని ఆవరణలోకి తీసుకొచ్చి పీట ఎక్కాను. గాలి లేదు. ఆకు కదలడంలేదు. పీట దిగాను. పిల్లలు నన్నే చూస్తున్నారు. నా చేతిలో వాక్యాలున్నాయి, కావాలంటే అనిపించెయ్యొచ్చు. అనిపించలేదు. "కూర్చోండి, వచ్చేదాకా చూద్దాం" అని నేనూ వాళ్ళ మధ్య నేల మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. నా కాలు ఊగలేదు.

ఆరో తరగతి గది తూర్పు చివర, పొలాల వైపు. దాని కిటికీలోంచి చూస్తే దూరంగా గట్టు మీది తాటిచెట్లు కనిపిస్తాయి. ఆ కిటికీ దగ్గర తెల్ల కండువా కదిలింది. చిన్నపిల్లలకు ఏదో చెప్తున్న పండితులవారు అది ఆపి, ఊచలు పట్టుకుని అటు పొలాల వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అమ్మాయ్!" అని కేకేశారు. "తాటాకులు కదిలాయి. లే, చేట పట్టుకో. వస్తోంది."